తొక్కని అక్షరాలు

మొదటి అక్షరం ఊడి దేదీప్య చేతిలోకి వచ్చేసింది. ముదురు నీలం ఉన్ని, నీళ్ళు కారుతూ. ఆమె దాన్ని కాసేపు చూసి, ఉదయ్ వైపు తిరిగింది.

"ఈ సైడ్ నువ్వే కదా తొక్కింది?"

"నేనే."

"తొక్కావా అసలు?"

ఉదయ్ తన తడి పాదాల వైపు చూసుకున్నాడు. గరాజ్ పైకప్పు మీద రెడ్‌మండ్ వాన పడీ పడనట్టు పడుతోంది.

ఆ గరాజ్ మనానాది. మనానా అరవై ఏళ్ళ జార్జియన్ ఆర్టిస్ట్. దేదీప్య పుట్టి పెరిగిన కమ్మింగ్ ఊరున్న అమెరికా జార్జియా కాదు, నల్లసముద్రం ఒడ్డునున్న దేశం. "మేమిద్దరం జార్జియా వాళ్ళమే" అని అందరికీ చెప్పి, వాళ్ళు తికమకపడితే నవ్వుతుంది దేదీప్య.

మనానా టిబిలిసిలో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంది. తొంభైలలో యుద్ధం వచ్చి, కరెంటు పోయి, ఫ్రేములన్నీ పొయ్యిలోకి పోయిన చలికాలంలో ఆమెకు అమ్మమ్మ పని గుర్తొచ్చింది. కొండల్లో గొర్రెల కాపర్లకు అంగీలు చేసేదట ఆవిడ. నేత లేదు, కుట్టు లేదు. ఉన్ని పరిచి, వేడి సబ్బునీళ్ళు చల్లి, పైన వల కప్పి గంటల తరబడి పాదాలతో తొక్కితే, పోగు పోగును పట్టుకుని మందపాటి గుడ్డ అవుతుంది. దాన్నే ఫెల్ట్ అంటారు. చర్చి గోడల మీద వెలిసిపోయిన నీలాలనూ ఎరుపులనూ ఆ గుడ్డలోకి తెచ్చింది మనానా. ముప్ఫై ఏళ్ళుగా అదే పని.

ఇప్పటిది ఎనిమిది అడుగుల గుడ్డ. ఆ చలికాలంలో వాళ్ళమ్మ రాసిన ఉత్తరంలోంచి రెండు ముక్కలు జార్జియన్ లిపిలోనే, నీలం ఉన్నితో దాని మీద పరిచింది: "తిన్నావా? వెచ్చగా ఉండు." శుక్రవారం సియాటెల్‌లో షో.

దేదీప్య ఉదయ్ ఆఫీస్‌లోనే డిజైనర్, శనివారాలు మనానాకి అసిస్టెంట్. నాలుగు నెలల క్రితం "బలమైన కాళ్ళు కావాలి, ఎవరైనా వస్తారా?" అని టీమ్‌లో అడిగితే ఉదయ్ చెయ్యెత్తాడు. అది ఉన్ని మీద ప్రేమ కాదని మనానా పిల్లికి కూడా తెలుసు. దేదీప్యకు మాత్రం అతను చెప్పలేదు.

"ఫస్ట్ టైమ్ మొత్తం నా మీద వదిలేసి బయటికెళ్ళింది మనానా," అంది దేదీప్య. "ఉదయ్ ఉన్నాడు, హీ ఈజ్ కేర్‌ఫుల్ అని నేనే చెప్పాను."

"సారీ."

"సారీ వద్దు. వై? బోర్ కొట్టిందా? ఫోన్ చూశావా?"

అబద్ధం చేతికందేంత దగ్గర్లో ఉంది. బోర్ కొట్టిందంటే తిట్టి ఊరుకుంటుంది. నిజం చెబితే నవ్వుతుంది. ఆమె తిట్ల కన్నా ఆ నవ్వంటేనే అతనికి భయం.

"చెప్పకపోతే వెళ్ళిపో. నెక్స్ట్ వీక్ కూడా రాకు."

ఉదయ్ బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు. ఇక మీదట శనివారాలు ఎలా ఉంటాయో ఆ నాలుగు అడుగుల్లోనే అర్థమైపోయింది. ఆగాడు.

"అవి అక్షరాలు," అన్నాడు.

"సో?"

"తొక్కలేకపోయాను. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే, కళ్ళకద్దుకునే దాకా అన్నం పెట్టేది కాదు మా అమ్మ. పైగా ఇక్కడ వాళ్ళమ్మ తిన్నావా అని అడుగుతోంది. దాని మీద కాలెలా పెట్టను? చుట్టూ తొక్కాను. ఒక్కదానికీ తగలకుండా."

చివరి మాటలో కాస్త గర్వం కూడా దొర్లింది. దేదీప్య పెదవి బిగబట్టింది. నవ్వాపుకుంటోందో, కోపమో తెలియలేదు.

తలుపు తీసుకుని వచ్చింది మనానా. ఉన్ని చూసింది, ఉదయ్ చేతిలో బూట్లు చూసింది, దేదీప్య ఇంగ్లీషులో చెప్పిందంతా విన్నది.

"నేను మా అమ్మ మాటల మీద ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్నాను," అంది ఉదయ్‌తో. "ఆమె ఏమీ అనుకోలేదు. నీ మర్యాద బాగుంది. కానీ తాకకుండా వదిలేస్తే ఉన్ని ఉన్నిని పట్టుకోదు. కాలు పెట్టలేవా? మోచేతులు పెట్టు. టైమ్ రెండింతలు పడుతుంది, అంతే. నీళ్ళు కాచుకొస్తాను."

ఆమె లోపలికి వెళ్ళాక ఇద్దరూ గుడ్డకు అటూ ఇటూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఊడిన అక్షరాన్ని దేదీప్య మళ్ళీ దాని చోట పరిచింది. సబ్బు నురగలో మోచేతులు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి.

"ఉదయ్."

"ఊఁ."

"ఫోర్ మంత్స్‌లో ఒక్క సాటర్‌డే మిస్ కాలేదు నువ్వు. నాకు కాఫీ తెస్తావు, టేబుల్ మీద పెట్టేసి వెళ్తావు. నా టైర్‌లో ఎయిర్ కొడతావు, చెప్పవు. నా చుట్టూ కూడా ఇలాగే తొక్కుతున్నావా?"

అతని మోచేతులు ఆగిపోయాయి.

పెద్దగా అనిపించిన ప్రతిదానికీ ఒక అడుగు దూరంలో నిలబడటం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని గౌరవమనే అనుకున్నాడు. అందులో సగం భయమని ఇప్పుడే తెలిసింది. తాకితే కదా, వద్దనిపించుకునేది!

"నువ్వంటే ఇష్టం," అన్నాడు ఉన్ని వైపు చూస్తూ.

"లౌడర్. నీళ్ళ సౌండ్‌లో వినపళ్ళేదు."

"వినపడింది నీకు."

"వినపడింది. ఇంకోసారి."

ఈసారి తలెత్తి చెప్పాడు. దేదీప్య చెంప మీద సబ్బు నురగ ఉంది. ఆమె తుడుచుకోలేదు.

"నాకు కూడా. కానీ నీకెందుకు ఈజీ చెయ్యాలి అనుకున్నా," అంది. "నువ్వు రెండో నెలలోనే చెప్పుండాల్సింది. మోకాళ్ళు నొప్పి."

"అయితే... నెక్స్ట్ వీక్ రావచ్చా?"

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"వస్తున్నాను."

"గుడ్. రేపు కూడా రా. ఇంకా చాలా ఉన్నాయి."

ఆమె లేచి ఇటువైపు వచ్చి అతని పక్కనే కూర్చుంది. ఇద్దరి చేతులూ ఒకే అక్షరం మీదికి వచ్చాయి. ఆమె మోచెయ్యి అతని మోచేతికి తగిలింది. ఉదయ్ తన చేతిని పక్కకు తీసుకోలేదు.