నొక్కని లింకు

సిగ్నల్ దగ్గర ఆగిన టాక్సీ వెనకసీట్లో ఏజెంట్ చచ్చిపోయి ఉన్నాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద కూతురి పేరుతో మెసేజ్: "నాన్నా, బళ్ళో పడిపోయాను. దెబ్బ చూడు." దాని కింద ఒక లింకు.

"ఆ పిల్ల నిక్షేపంగా ఉంది," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్ తలుపు మూస్తూ. "మనవాడు లింకు నొక్కాడు. ఫోను మొత్తం విదేశీ ముఠా చేతికి చిక్కింది. ఎక్కడున్నాడో కనిపెట్టి కాల్చేశారు. అదొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. అందులో మనవాళ్ళందరి మారుపేర్లూ, అడ్రసులూ ఉన్నాయి."

"డ్యూటీ ఫోను నంబరు ఇంట్లో ఇవ్వకూడదని రూలుంది కదా సార్?" అన్నాడు ఏజెంట్ డేగ.

"నువ్వివ్వలేదూ?"

డేగ చెల్లెలికి ఇచ్చాడు. డేగ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. రూలు అక్కడ అందరికీ కంఠతా వచ్చు. అందరూ ఇంట్లో ఒక్కరికి మాత్రం, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని, నంబరు ఇచ్చి వస్తారు. ముఠా సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టింది.

"ఆ వివరాలు ఈ మధ్యాహ్నమే సరిహద్దు దాటుతాయి. ఈలోపే ముఠా ఊళ్ళో పెట్టిన సర్వర్‌లో చెరిపెయ్యాలి. లోపల మన మనిషి ఉంటుంది, పేరు నెమలి."

డేగ ఏసీ మెకానిక్ వేషంలో బయల్దేరాడు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో అతను ఎప్పుడూ ఏసీ మెకానిక్కే కాబట్టి ఆ వేషం ఒంటికి అతికినట్టుంటుంది.

"చల్లగాలి రావట్లేదు," అంది సర్వర్ రూమ్ దగ్గర పట్టుచీరలో నిలబడ్డ అందగత్తె.

"గ్యాస్ అయిపోయుంటుంది," అన్నాడు డేగ.

కోడ్ కుదిరింది. రెండు వైపులా జీతం తీసుకునే నెమలి తలుపు తీసి, కాపలావాడికి ఒక నవ్వు పడేసింది. డేగ స్క్రూడ్రైవర్ పిడి ఊడదీసి, అందులోని పెన్‌డ్రైవ్‌ను సర్వర్‌కి గుచ్చాడు. వివరాలు ఒకపక్క విదేశానికి కాపీ అవుతున్నాయి, మరోపక్క చెరుగుతున్నాయి. ఏది ముందు పూర్తవుతుందో చెప్పడం కష్టం.

జేబులో ఫోను వణికింది.

"అన్నయ్యా, అమ్మకి సీరియస్‌గా ఉంది. నీతో మాట్లాడాలంటోంది. వీడియో కాల్ లింకు ఇదిగో. తొందరగా రా."

నెమలి అతని భుజం మీదుగా చదివింది. "నొక్కకు. నొక్కావంటే నువ్వీ గదిలో ఉన్నావని తెలిసిపోతుంది, సర్వర్ తీగ పీకేసి పట్టుకుపోతారు. అమ్మ, ఆస్పత్రి, తొందర. ఈ వరస వాళ్ళకి నేర్పిందే నేను."

"మా చెల్లెలు కూడా ఇలాగే రాస్తుంది."

"అందుకే అందరూ పడతారు."

ఫోన్ చేద్దామంటే గొంతు బయటి కాపలావాడికి వినిపిస్తుంది. నిజమేనా అని రాస్తే, నిజమేనని ఎవరైనా రాస్తారు. అదే మెసేజ్ మళ్ళీ వచ్చింది. బొటనవేలు దానంతటదే లింకు మీదికి పోయింది. టాక్సీలోని మనిషిని డేగ అప్పటిదాకా మనసులో తెలివితక్కువవాడని తిట్టుకున్నాడు. ఇప్పుడు సిగ్గేసింది, భయమేసింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

కాపీ పూర్తవడానికి వెంట్రుకవాసి ఉందనగా సర్వర్ తెర నల్లబడింది. అడ్రసులన్నీ చెరిగిపోయాయి. మధ్యలో తెగిన కాపీ ఇక తెరుచుకోదు.

ఫోను మళ్ళీ వణికింది. ఈసారి లింకు లేదు. "అమ్మ పోయింది అన్నయ్యా."

నెమలి కూడా చదివింది. "నేను..." అంటూ పెన్‌డ్రైవ్ పీకి అతని చేతిలో పెట్టింది.

వీధిలోకి వచ్చి డేగ చీఫ్‌కి కబురు చెప్పాడు. "శభాష్," అన్నాడు చీఫ్ నీరసంగా. "రేపు వాళ్ళు ఇంకో సర్వర్ పెడతారు. మనవాళ్ళలో ఇంకెవడో నొక్కుతాడు."

తర్వాత చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఊపిరి పోయేదాకా ఫోను వంకే చూసింది అన్నయ్యా," ఏడ్చింది చెల్లెలు. "ఒక్కసారి నొక్కితే నీ సొమ్మేం పోయేది?"

నిజం చెప్పే వీల్లేదు.

"ఏసీ పనిలో ఉన్నానమ్మా," అన్నాడు. "మధ్యలో వదిలేస్తే చాలామందికి ఉక్కపోసేది."