వడియాల బానెట్

బస్సు నందిగామ దాటబోతుండగా భవానీప్రసాద్ పెద్ద కేక పెట్టాడు.

"ఆపండి!"

డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. ఎవరికి ఏమైందోనని కండక్టరు పరుగెత్తుకొచ్చేసరికి భవానీప్రసాద్ బస్సులో లేడు. రోడ్డు పక్క డాబా ఇంటి బయటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తున్నాడు.

ఏడాదిగా అతను వెతుకుతున్నది ఆ డాబా మీద, మండుటెండలో, తడిగుడ్డ కప్పుకుని పడుకుని ఉంది.

బానెట్. యుద్ధం నాటి మిలిటరీ జీపు బానెట్!

మోకాళ్ల మీద కూర్చుని దాని అంచు నిమిరాడు. గుడ్డ కొంచెం ఎత్తి చూశాడు. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, దాని మీద తెల్ల నక్షత్రం. అతని కళ్లు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే వీపు మీద కర్ర దెబ్బ పడింది.

"కాకుల్ని తోలమంటే మనుషుల్ని కూడా తోలాల్సొస్తోంది! ఎవరు నువ్వు? వడియాల దొంగవా?"

భవానీప్రసాద్ వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఒక అమ్మాయి. చేతిలో నల్లగుడ్డ కట్టిన వెదురు కర్ర, తలమీద కొంగు, ముక్కు కొసన మినప్పిండి. ఆ పిండి ఆ ముక్కుకి ఎంత నప్పిందో ఆలోచించే స్థితిలో లేడు అతను.

"వడియాలు నాకెందుకండీ! వాటి కింద ఉన్నది కావాలి."

"కింద ఉన్నది మా వడియాల రేకు."

"రేకా! నలభై మూడు మోడల్ జీపు బానెట్ అండీ అది. బర్మా యుద్ధం చూసొచ్చి ఉంటుంది!"

"చూసొస్తే చూసొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఉద్యోగం చేస్తోంది."

కింద నుంచి ఒక గొంతు ఖంగున మోగింది. "ప్రమీలా! ఎవరే పైన?"

ఆ గొంతు రాఘవమ్మది. ప్రమీలారాణి నాయనమ్మ. ఆవిడ ఎదుట ఆవిడ కొడుకు, ప్రమీల తండ్రి దశరథరామయ్య కూడా గట్టిగా తుమ్మడు.

సంగతంతా విని ఆవిడ భవానీప్రసాద్‌ని ఎగాదిగా చూసింది.

"యుద్ధం అయిపోయిన ఏడు మా ఆయన బస్తా మిరపకాయలిచ్చి కొన్నాడయ్యా దీన్ని. ఊళ్లో అందరి వడియాలూ ఎండటానికి నాలుగు రోజులు పడితే, మావి రెండెండల్లో గలగలలాడతాయి. దీన్నెట్లా ఇస్తాం?"

"ఎంతైనా ఇస్తానండీ."

"డబ్బు మీద వడియాలు ఎండవు నాయనా. ఇట్లాంటి రేకు ఇంకోటి తెచ్చిపెట్టు. దానిమీద రెండెండల్లో ఎండితే ఇది పట్టుకుపో."

భవానీప్రసాద్ తలూపాడు. ఇదేం పెద్ద పని అనుకున్నాడు. పొరపడ్డాడు.

*

జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ తండ్రి తిరుపతిరావు గారి రైసు మిల్లు వెనక ఒక షెడ్డు ఉంది. మిల్లు కూలీలు దాన్ని 'భవానీబాబు మ్యూజియం' అంటారు. అందులో ఒక సైడ్‌కారు ఉంది, దాన్ని లాగాల్సిన మోటారు సైకిలు లేదు. పెట్రోలు డబ్బాలున్నాయి, పెట్రోలు లేదు. మధ్యలో, మిలిటరీ డిస్పోజల్ వేలంలో పాడిన జీపు ఉంది, దానికి బానెట్ లేదు.

యుద్ధంలో జీపు తోలి తిరిగొచ్చిన ఇశ్రాయేలు, భవానీప్రసాద్ కలిసి రెండేళ్లు చెమటోడ్చారు. పైన పూసిన మూడు రంగులు గీకి అసలు ఆకుపచ్చ బయటికి తీశారు. ఇంజను విప్పి బిగించారు. కార్బురేటరు కోసం భవానీప్రసాద్ సికింద్రాబాదు పాత సామాన్ల బజారంతా గాలించాడు.

తిరుపతిరావు ఓపికకి ఆ ఎండాకాలంతో గడువు తీరింది.

"ఒరే, నరసింహ జయంతికి మీ అమ్మనీ నన్నూ దీంట్లో వేదాద్రి తీసుకెళ్లు. తీసుకెళ్లావా, ఇది బండి. లేదా, మర్నాడు ఇంజను ఊడబీకి మన తోటలో పంపుసెట్టుకి బిగిస్తా."

"ఇంజను నడుస్తోందిగా నాన్నా! బానెట్ ఒక్కటే తక్కువ."

"బొట్టు పెట్టడానికి నుదురు లేని బండెక్కి నేను దేవుడి దగ్గరికి రాను."

ఇశ్రాయేలు తారుపీపా కొట్టి బానెట్ చేస్తానన్నాడు. భవానీప్రసాద్ ఒప్పుకోలేదు. అసలు జీపుకి డూప్లికేట్ మొహమా!

*

మొదటి ఆదివారం జింకు రేకు పట్టుకెళ్లాడు. మరుసటి ఆదివారం తీర్పు వచ్చింది.

"మూడో రోజుకి కూడా అడుగు పచ్చిగానే ఉందయ్యా," అంది రాఘవమ్మ.

రెండోసారి పెళ్లి వంటల అల్యూమినియం పళ్లెం. అదీ ఫెయిల్. మూడోసారి ఇశ్రాయేలు చేత తారుపీపా సాపు చేయించి, నల్లరంగు వేయించి, బస్సు టాప్ మీద తెచ్చాడు. అదీ ఫెయిల్!

"నల్లరేకు మీద ఎండకపోవటమేంటి బాబూ?" ఇశ్రాయేలు అనుమానంగా బుర్ర గోక్కున్నాడు. "బర్మాలో మేం బానెట్ మీద కోడిగుడ్డు అట్టేసుకు తిన్నాం."

భవానీప్రసాద్‌కి ఆ అనుమానం రాలేదు. అతని బుర్రలో వేరే గొడవ మొదలైంది. ఆదివారం తెల్లవారగానే తను గడ్డం గీసుకుంటున్నది రేకు కోసం కాదేమోనని.

"ఈ వారం మీ కార్బురేటరు ఏమంటోంది?" అని అడిగేది ప్రమీలారాణి, కాకుల్ని తోలుతూనే.

"పొద్దున్నే దగ్గుతోందండీ."

"మిరియాల కషాయం పట్టకపోయారా?"

బెజవాడలో ఇంటర్మీడియెట్ చదివిన పిల్ల. అతని చిరుగుల జీపు మాన్యువల్ తీసుకుని, వారంలో అట్టవేసి, చదివేసి తిరిగిచ్చింది.

"హెడ్‌లైట్లు వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడుతుందట గదా! మీవి తిరుగుతాయా?"

ప్రపంచంలో ఇంకెవరూ అడగని ప్రశ్న అది. ఆ రోజు భవానీప్రసాద్ జగ్గయ్యపేటలో బస్సు దిగటం మర్చిపోయి కోదాడ దాకా వెళ్లాడు.

*

జయంతి గురువారం. అంతకు ముందు ఆదివారం అతను ఉత్త చేతులతో వచ్చాడు.

"రేకేదీ?" అంది ప్రమీల.

"లేదండీ. చెప్పి పోదామని వచ్చా. ఇంక రాను."

ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది. ఇన్నాళ్లూ పరువు పోతుందని దాచిన గడువు సంగతి అప్పుడు చెప్పాడు. శుక్రవారం జీపు ఇంజను మిరపతోటకి నీళ్లు తోడబోతోందని చెప్పాడు.

ప్రమీల మొహం పాలిపోయింది. "ఇంజను ఊడబీకుతారా? ముందే ఎందుకు చెప్పలేదు?"

జవాబు చెప్పేలోపు ఉరుము ఉరిమింది. చూస్తుండగానే కృష్ణ వైపు నుంచి వాన దూసుకొచ్చింది. "వడియాలు!" అని అరిచి ఆమె గుడ్డ మూటగట్టి గుండెకి హత్తుకుంది. అతను బానెట్ లేపాడు. మరుక్షణం ఇద్దరూ దాని కిందకి దూరారు, చెరో అంచూ పట్టుకుని. పైన వాన, వంద డప్పులు కొట్టినట్టు.

"ఒక మాట చెప్తా, కోప్పడకూడదు," అంది ప్రమీల.

"చెప్పండి."

"మీ జింకు రేకు బాగానే పనిచేసింది."

"మరి వడియాలు ఎండలేదుగా?"

"మా నాయనమ్మ కిందికి దిగగానే దాన్ని పిట్టగోడ నీడలోకి లాగేశా."

"అల్యూమినియం పళ్లెం?"

"అదీ లాగేశా."

"తారుపీపా రేకు?"

"దాంతో నడుం పట్టేసింది."

"ఎందుకండీ?" అన్నాడు భవానీప్రసాద్.

ఆమె వానవైపు చూసింది. "రేకు చేతికొచ్చాక ఆదివారాలు మీకు నందిగామలో పనేముంటుంది?"

బానెట్ ఒకవైపు ఒరిగింది. వాన నీళ్లు ధారగా అతని నెత్తిన పడ్డాయి. అతనికి తెలియలేదు.

"నాలుగు వారాలుగా నాకూ రేకు పని లేదండీ," అన్నాడు మెల్లగా. "నేను వచ్చింది..."

"ఆ ముక్క నా మొహం చూసి చెప్పవయ్యా!"

మెట్ల మీద తాటాకు గొడుగుతో రాఘవమ్మ. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"దీని చేతులు కాలితే వెన్న రాసిన దాన్ని, రేకులెవరు లాగుతున్నారో నాకు తెలీదా?"

"తెలిసీ ఫెయిల్ చేశారా?" అన్నాడు భవానీప్రసాద్ దీనంగా.

"కుర్రాడు ఎన్ని వారాలు తిరుగుతాడో చూద్దామని. ఊఁ, దించండి కిందికి! బస్సొచ్చే వేళయింది. దశరథా! నీ పెట్టె సర్దు. బానెట్‌తో పాటు మనమూ పోతున్నాం."

*

గురువారం ఉదయం జగ్గయ్యపేటలో జీపు ఒక్కసారి హాండిల్ తిప్పగానే స్టార్టయింది. ఇశ్రాయేలు ఎవరూ అడక్కుండానే సెల్యూట్ చేశాడు. రాఘవమ్మ బానెట్ మీది తెల్ల నక్షత్రం మధ్యలో పసుపు రాసి బొట్టు పెట్టింది. తిరుపతిరావు జీపు చుట్టూ ఒకసారి తిరిగి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన్ని లేపి రాఘవమ్మ కూర్చుంది.

వేదాద్రిలో దర్శనం అయ్యాక అంతా కృష్ణ ఒడ్డున చెట్టు నీడన చేరారు. రాఘవమ్మ ఎండలో ఆపిన జీపు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది.

"అబ్బో! పైన ఎండ, కింద ఇంజను. ఒక్క పూట చాలు!"

సంచిలోంచి తడిగుడ్డ, పిండి గిన్నె బయటికొచ్చాయి. తిరుపతిరావు కళ్లు పెద్దవయ్యాయి.

"అమ్మా, మరి బానెట్ మళ్లీ మీకు ఎప్పుడివ్వాలంటారు?"

"ఇయ్యటమేంటయ్యా? బండి మీది, రేకు మాది. తలొక చోట, మొండెం ఒక చోట పెడతామా? రెండూ ఒకే ఇంట్లో ఉండాలి. రేకుతో పాటు దాని కాపలా మనిషిని కూడా పంపుతా. మంచిరోజు చూడండి."

దశరథరామయ్య తుమ్మాడు. ఈసారి గట్టిగానే. తిరుపతిరావు పెద్దగా నవ్వాడు. "పంపుసెట్టుకి వేరే ఇంజను చూసుకోవాలన్నమాట!"

పెద్దలు పంచాంగం మాటల్లో పడ్డారు. జీపు దగ్గర ప్రమీల ఒక్కతే ఉంది. మడ్‌గార్డు మీద కూర్చుని, విరిగిన కొమ్మకి నల్లగుడ్డ కట్టి కాకుల్ని తోలుతోంది. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించి కర్రెత్తింది.

"ఎవరు నువ్వు? వడియాల దొంగవా?"

"వడియాలు నాకెందుకండీ," అన్నాడు భవానీప్రసాద్. "వాటి పక్కన కూర్చున్నది కావాలి."

కర్ర దిగింది. వీపు మీద కాదు, భుజం మీద. అదీ చాలా మెల్లగా.