జూదం పెట్టెలో పిశాచం

చైత్ర అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

కళ్లాల నిండా ఎర్రగా పరచుకున్న మిరపకాయల మీద ఉన్నట్టుండి కారుచీకటి కమ్మింది. వానచుక్క లేదు, ఆకాశం మాత్రం ఫెళఫెళారావాలతో దద్దరిల్లుతోంది. పట్టపగలే పత్తికొట్టు చూరు మీద గుడ్లగూబ కూసింది... ఆ కూతకు అద్దంకి వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి.

మార్కండేయులు తన కొట్టుగదిలో గోడకు కరుచుకుపోయి నిలబడ్డాడు. ఎదురుగా అతని భార్య రాజ్యం... జుట్టు విరబోసుకుని, కళ్లు తేలవేసి, ఇనపపెట్టె పిడిని లాగుతోంది. గర్ర్‌మని మూడు చక్రాలు తిరుగుతున్నాయి.

“ఇంకో కాసు...! ఇంకో కాసు వెయ్యరా!”

అది ఆడదాని గొంతు కాదు!

అంతా స్వయంకృతాపరాధం! పాత గడియారాలూ గ్రామఫోన్లూ కొని అమ్ముకునే మనిషి, తెల్లదొరల క్లబ్బు మూతపడితే వేలంలో ఈ జూదం పెట్టెను కొన్నాడు. కాసు వేసి పిడి లాగాలి. మూడు గళ్లలో ఒకే బొమ్మ పడితే పెట్టె కాసులు కక్కుతుంది. మద్రాసు షావుకారుతో బేరం కూడా కుదిరింది. ప్లీడరుగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు: “ఆడించకపోయినా సరేనయ్యా, ఇది ఇంట్లో దొరికితే జూదం కొంప నడుపుతున్నట్టే లెక్క. అమ్మావా, అదింకో నేరం. స్టేషన్లో అప్పజెప్పి దణ్ణం పెట్టు.”

వింటేనా! పోలీసుల కళ్లు కట్టేస్తానన్న మాంత్రికుడు ఆదెయ్య కాళ్ల మీద పడ్డాడు. ఆదెయ్య పెట్టె మీద కపాలం నిలిపి, కాపలాకు ఒక ఘోరపిశాచాన్ని అందులోకి ఆవాహన చేశాడు. పెట్టెను కాయాల్సిన పిశాచం రాజ్యాన్ని పట్టుకుంది.

ఇప్పుడు అదే గదిలో, హోమగుండం ముందు, ఆదెయ్య వికటాట్టహాసం చేశాడు.

“బలి అడుగుతోందిరా! నీ పెళ్లాన్ని వదులుకో... ఇక ఏ పోలీసూ నీ గడప తొక్కడు!”

“వద్దు స్వామీ! పెట్టె మీరే పట్టుకుపోండి. నా రాజ్యాన్ని నాకు వదిలెయ్యండి!” మార్కండేయులు బావురుమన్నాడు.

“ఇప్పుడా! ఎండుమిరపకాయలు తే. నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదంటే పట్టు బిగిసినట్టే, నీ పెళ్లాం ప్రాణం పిశాచానిదే. తేకపోయావో, నీ చేత నెత్తురు కక్కిస్తా!”

మార్కండేయులు దూలానికి వేలాడుతున్న మూటను లాగాడు. మొదటి కోత కాయల్ని పోలేరమ్మకు మూటకట్టి, కొలుపుల జాతర దాకా ముట్టుకోకుండా ఉంచడం ఆ ఇంటి ఆనవాయితీ.

“ఒరేయ్ మార్కండేయులూ! అది అమ్మవారి మూటరా!” వాకిట్లోంచి తల్లి నాంచారమ్మ కేక పెట్టింది. అప్పటికే ఆదెయ్య దాన్ని లాక్కుని నిప్పుల్లోకి గుమ్మరించాడు.

ఒక్క క్షణం ఉత్త పొగ...

లేచింది ఘాటు! ప్రళయాగ్నిలా గదంతా కమ్మేసింది!

రాజ్యం దగ్గింది. తన సొంత గొంతుతో దగ్గుతూ మొగుడి చేతుల్లో వాలిపోయింది.

ఆశ్రయం పోయిన పిశాచం పిలిచినవాడి మీదికే తిరిగింది! ఆదెయ్య మంత్రం అందుకోబోయాడు... ఘాటుకు గొంతు పూడుకుపోయి అక్షరం పెగలలేదు. పిడి దానంతటదే కిందికి దిగింది. చక్రాలు గిర్రున తిరిగి ఆగాయి. పండ్ల బొమ్మలుండాల్సిన మూడు గళ్లలోనూ... ఆదెయ్య ముఖం! హాహాకారం చేస్తూ మాంత్రికుడు తన హోమగుండంలోనే బోర్లా పడ్డాడు. కపాలం పగిలి ముక్కలైంది.

వీధి వీధంతా దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. వెనకే సబ్‌ఇన్‌స్పెక్టరు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

“ఎవరిదయ్యా ఈ పెట్టె?”

చచ్చినవాడిదని ఒక్క మాట అంటే చాలు. నాంచారమ్మ కళ్లతోనే సైగ చేసింది. మార్కండేయులు రాజ్యం వంక చూశాడు. ఈ పెట్టెను దాచబోయే కదా ఆమెను పోగొట్టుకోబోయాడు!

“నాదేనండి. అమ్మబోయాను కూడా.”

బేడీలకు చేతులు చాచాడు. రాజ్యం ఇంకా దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు వినపడుతున్నంత సేపూ జైలంటే అతనికి భయం వెయ్యలేదు.