పెళ్ళికారు బానెట్

కంభం దాటి కాస్త దూరం వచ్చారో లేదో, అంబాసిడర్ బానెట్ ఒక్కసారిగా గాల్లోకి లేచి ఢామ్మని ముందు అద్దానికి అడ్డంపడింది.

ఫిన్నీ కళ్ళెదుట రోడ్డు లేదు, గేదెలు లేవు, ఎదురొచ్చే లారీ లేదు. ఆకుపచ్చ రేకు తప్ప ప్రపంచంలో మరేమీ మిగల్లేదు.

వెనక సీట్లో సుజాతమ్మ "ప్రభువా!" అని కేకపెట్టింది. ఆమె కూతురు ఎలీషబా మాత్రం ముందుకు వంగి, చాలా మర్యాదగా అడిగింది.

"బావా, నీకు రోడ్డు కనపడతా ఉందా?"

"కనపడతా ఉంది."

"ఏడ?"

"మనసులో."

"అయితే ఆ మనసులోనే పక్కకి తీసి ఆపు. ముందర లారీ హారన్ కొడతా ఉంది."

ఫిన్నీ స్టీరింగ్ మీదికి వంగి, బానెట్ కింద మిగిలిన సన్నని సందులోంచి చూస్తూ కారును తుమ్మచెట్టు దగ్గరికి చేర్చాడు. లారీ డ్రైవరు పోతూ పోతూ ఏదో తిట్టాడు. అదృష్టం కొద్దీ గాలికి వినపడలేదు.

ఫిన్నీ, ఎలీషబా కలుసుకోవడం అదే మొదలు. ఫిన్నీ చెల్లెలు రోజీకీ, ఎలీషబా అన్న సాగర్‌కీ పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థం రోజున ఎలీషబాకు గిద్దలూరు ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ పడి రాలేకపోయింది. ఇవాళ పెళ్ళిచీర కొనడానికి తల్లీకూతుళ్ళను మార్కాపురం తీసుకెళ్దామని ఫిన్నీ స్వయంగా కారు వేసుకుని గిద్దలూరు వెళ్ళాడు. మర్యాద చేద్దామనుకున్నాడు. ఇదీ మర్యాద.

ఎలీషబా దిగి, బానెట్‌ను ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూసింది.

"ఈ కారులో మా వదిన చర్చికి రాదు."

"వస్తాది."

"బానెట్ ఒక పక్క, మా వదిన ఒక పక్క వస్తారేమో!"

"నువ్వు ల్యాబులో రక్తం చూసుకో. కారు సంగతి నేను చూసుకుంటా."

"రక్తం చూడాల్సిన పని ఇందాక రోడ్డు మీదే పడేది కదా బావా!"

మేకలు కాసుకునే పెద్దాయన ఒకడు జాలిపడి తాడు ముక్క ఇచ్చాడు. మూతికి చిక్కం కట్టిన ఎద్దులా ఆ కారు మార్కాపురం ఊళ్ళోకి ప్రవేశించింది.

*

ఫిన్నీ ఒక మందుల కంపెనీకి మెడికల్ రెప్. పొద్దున పొదిలి, మధ్యాహ్నం కొనకనమిట్ల, సాయంత్రానికి మళ్ళీ మార్కాపురం. ఇంట్లో ఉన్నా అంతే. కూర్చుని అన్నం తినడు, నిలబడి టీ తాగడు. అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు.

కారు వాళ్ళ నాయన జీవరత్నానిది. పలకల ఫ్యాక్టరీ యజమాని దగ్గర డ్రైవరుగా ఉండి, జీవితమంతా ఆ కారునే నడిపాడు. యజమాని కొడుకులు కొత్త కార్లు కొనుక్కున్నాక దాన్ని ఆయనకే ఇచ్చేశారు. రోజీ పెళ్ళి కుదిరిన నాడు ఆయన కొడుకుతో ఒక్కమాటే అన్నాడు.

"ఇన్నేళ్ళు ముందర సీట్లో కూర్చుని తోలినా. వెనక సీట్లో మనింటోళ్ళు ఎవురూ కూర్చోలా. నా బిడ్డ ఆ సీట్లో కూర్చుని చర్చికి పోవాల."

"పోతాది నాయనా. ఆ బాధ్యత నాది," అని ఫిన్నీ మాటిచ్చాడు. ఆ మాటే ఇప్పుడు అతణ్ణి ఒకచోట నిలవనివ్వడం లేదు.

తర్లుపాడు రోడ్డులో టింకరింగ్ షెడ్డు పెట్టుకున్న మాలకొండయ్య బానెట్ చూసి పెదవి చప్పరించాడు. "హింజుల్లో, అదే బానెట్ కీళ్ళల్లో, పిన్నులు అరిగిపోయినాయి. అందుకే వెనక మూల లేస్తా ఉంది. వెనక లేస్తే ముందర లాకు సరిగ్గా పడదు. గాలి దూరితే ఎగిరిపోద్ది."

పిన్నులు మార్చాడు. షెడ్డులో బానెట్ బుద్ధిగా మూతపడింది. రైల్వేగేటు దాటేసరికి ఎడమ మూల మళ్ళీ లేచింది. హింజు కింద వాషర్లు పెట్టాడు. గేటు దాటింది గానీ, పొదిలి రోడ్డు గుంటల దగ్గర మళ్ళీ లేచింది. చివరికి ఎక్కడో పాతకార్ల దుకాణంలో వెతికి హింజులే కొత్తవి తెచ్చి బిగించాడు. మర్నాడు బానెట్ మళ్ళీ పళ్ళికిలించింది.

ఇంటి ముందు ఫిన్నీ బానెట్ ఎత్తడం, దించడం. ధబ్, ధబ్.

"అన్నా! నా పెళ్ళికి బ్యాండు పెట్టొద్దులే, ఇది చాలు," అని రోజీ కిటికీలోంచి అరిచేది.

సాయంత్రమయ్యేసరికి గిద్దలూరు నుంచి ఫోను వచ్చేది.

"ఏమైంది బావా నీ బానెట్టు?"

"బ్రహ్మాండంగా ఉంది."

"వీడియో తీసి పంపు."

"నమ్మకం లేదా?"

"మా ల్యాబులో నమ్మకం మీద రిపోర్టు ఇవ్వరు."

మొదట్లో ఆ ఫోనంటే ఒళ్ళుమండేది. తర్వాత్తర్వాత అది రావడం ఆలస్యమైతే బైకు తాళం వేలికి తిప్పుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేవాడు. బానెట్ గురించి మొదలైన మాటలు ఎటెటో పోయేవి. సూది చూసి ఏడ్చిన పోలీసాయన గురించి ఆమె చెప్పేది. మందుల పేర్లు మరిచిపోయి డాక్టరు ముందు వాతావరణం గురించి మాట్లాడొచ్చిన రోజు గురించి ఇతడు చెప్పేవాడు.

ఒకరోజు ఆమె అంది. "అన్నీ మార్చినారు గానీ, కదిలేది హింజేనని ఎవురైనా చూసినారా?"

"ఇంకేం కదుల్తాది?"

"అదే చూడమంటున్నా. మీ ఊళ్ళో బలపాలకు కరువా? హింజు బిగించిన చోట దాని చుట్టూ గీత గియ్యి. కారు నడిపి రా. హింజు గీత దాటిందేమో చూడు."

ఫిన్నీ తెల్లటి బలపంతో గీత గీశాడు. తర్లుపాడు దాకా వెళ్ళొచ్చాడు. బానెట్ మూల లేచే ఉంది. హింజు మాత్రం గీత లోపలే, గీసినట్లే ఉంది.

ఆ సంగతి ఫోనులో చెప్పాడు. కదలని హింజు మీద బానెట్ ఎలా కదులుతోంది?

"ఆదివారం జాకెట్టు కొలతలు తీసుకోడానికి మీ ఇంటికి వస్తా ఉన్నా. అప్పుడు నేనే చూస్తా," అంది ఎలీషబా.

*

ఆదివారం ఆమె రోజీ గదిలో ఉంది. వరండాలో జీవరత్నం కొడుకును నిలదీశాడు.

"రోజూ ఆ పిల్లతో అంతసేపు ఏం మాటలురా?"

"బానెట్ గురించి నాయనా."

"బానెట్టుకు అంత నవ్వొస్తాదా?"

ఫిన్నీ తల వంచుకున్నాడు.

"మా అక్కను మీ అమ్మ అన్నకిచ్చి, మీ అమ్మను నేను చేసుకున్నా. కుండమార్పిడి. వాళ్ళిద్దరికీ చెడింది. నేను అక్క పక్కన, మీ అమ్మ అన్న పక్కన. తప్పు చేసినోళ్ళు ఎవురో, మా ఇంట్లో మాటల్లేకుండా పోయిన ఏండ్లెన్నో! మీ అమ్మ పోయేదాకా ఆ ముల్లు పోలా. మళ్ళీ నా ఇంట్లో అట్లాంటిది వద్దు."

తండ్రి గొంతు వణకడం ఫిన్నీ ఎప్పుడూ వినలేదు. కంగారులో నోటికొచ్చింది అనేశాడు.

"నాకు ఆ పిల్లంటే అట్లాంటిదేమీ లేదు నాయనా. నాకిష్టం లేదు."

రోజీ గది కిటికీ అవతల ఎలీషబా చేతిలోని కొలత టేపు జారి కింద పడింది.

ఎలీషబా బానెట్ చూడలేదు. భోజనం చెయ్యలేదు. బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. ఇతడు చేస్తే ఎత్తలేదు. పంపిన వీడియోలకు, చూసినట్టు నీలం గుర్తులు మాత్రం పడుతున్నాయి.

పొదిలిలో ఒక డాక్టరుకు దగ్గు మందు గురించి చెప్పబోయి హింజుల గురించి చెప్పాడు ఫిన్నీ. ఆయన సానుభూతిగా మంచినీళ్ళిచ్చాడు.

ఇంతలో సుజాతమ్మ నుంచి కబురు. పెళ్ళికూతురికి వేరే కారు మాట్లాడామని, పాత కారు వద్దని.

జీవరత్నం మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "నా కారు పనికిరాదంటే నేను పనికిరాననే కదా! మా బిడ్డ కావాలంటే మా కారులోనే వస్తాది. లేదంటే వాళ్ళ ఇష్టం."

రోజీ ముఖం పాలిపోయింది. అవతల సాగర్ ఫోను మీద ఫోను. పెద్దవాళ్ళు మాత్రం ఎవరి మాట మీద వాళ్ళే.

"నాయనా, సుజాతమ్మత్త నిన్ను అవమానించలా," అన్నాడు ఫిన్నీ. "ఆ రోజు కారులో ఆమె కూడా ఉంది. నేను తోలేటప్పుడే బానెట్ ఎగిరింది. లారీ కింద పడాల్సింది. ఆమె భయపడింది. నేనైనా భయపడతా."

"వాళ్ళనే వెనకేసుకొస్తావా?"

"న్యాయం అటుపక్క ఉంటే అటే మాట్లాడతా."

జీవరత్నం చెప్పులు వేసుకుని, కొడుకుతో కారు తీయించి షెడ్డుకు బయల్దేరాడు.

*

వాళ్ళు వెళ్ళేసరికి వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చిటపటలు కాస్తా కుండపోత అయ్యాయి. మాలకొండయ్య "ఈసారి స్ప్రింగే" అని పట్టుగా చెబుతున్నాడు. జీవరత్నం స్టూలు మీద ముఖం తిప్పుకుని కూర్చున్నాడు.

వానలోంచి ఆటో వచ్చి ఆగింది. ఎలీషబా దిగింది. ఇంటికెళ్తే కారు షెడ్డులో ఉందని రోజీ చెప్పి పంపింది. చేతిలో ఫోను, చెవి దగ్గరే ఉంది.

"అమ్మా, నువ్వన్నది తప్పు. మామయ్య కోపంలో న్యాయముంది. ఆయన బతుకంతా ఆ కారుతోనే. ఒక్క మాట అడక్కుండా వేరే కారు మాట్లాడితే ఎవురికైనా మనసు నొచ్చుకుంటాది. బాగు కాకపోతే అప్పుడు నేనే వద్దంటా. ముందు చూడనీ."

ఫోను పెట్టేసి తలెత్తితే ఎదురుగా జీవరత్నం. "నమస్తే మామయ్యా," అని, ఫిన్నీ వైపు చూడకుండా నేరుగా కారు దగ్గరికి నడిచింది.

"ఎత్తండి ఎవురైనా."

ఫిన్నీ ఎత్తాడు. ఆమె హింజును ముట్టుకోలేదు. దాని కింద, హింజు బిగించిన బాడీ రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"మెల్లగా దించు. ఎత్తు. మళ్ళీ దించు." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "చెయ్యి పెట్టి చూడు."

ఇప్పుడు 'బావా' లేదు. ఫిన్నీ వంగి చెయ్యి పెట్టాడు. బానెట్ బరువు పడినప్పుడల్లా రేకు లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు సన్నగా కదిలింది.

"హింజు గట్టిగానే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "హింజును పట్టుకున్న రేకే కదుల్తా ఉంది. అందుకే గీత దాటలా. గీతతో సహా కదిలింది."

మాలకొండయ్య స్క్రూడ్రైవరుతో పెయింట్ గీకాడు. పెయింట్ కింద లప్పం. లప్పం కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా రేకు చిట్లి ఉంది. ఎప్పుడో ఎవరో వెల్డింగ్ చెయ్యకుండా లప్పం పూసి రంగేసి వదిలేశారు.

"అయితే స్ప్రింగు కాదన్నమాట," అని మాలకొండయ్య నొచ్చుకుంటూ వెల్డింగ్ సామాను కోసం లోపలికి వెళ్ళాడు.

బానెట్ కింద ఇద్దరి తలలే మిగిలాయి. చూరు నుంచి వానధార పక్కనే తెరలా పడుతోంది.

"నేనంటే ఇష్టం లేదని మీ నాయనతో చెప్పినావు కదా," అందామె ఇంజను వైపు చూస్తూ.

"నాయన గొంతు వణికింది. భయమేసి అబద్ధం చెప్పినా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే. అయినా చెప్తా. నీ ఫోను రాకపోతే నాకు కాలు ఒకచోట నిలవట్లా. నువ్వంటే ఇష్టం ఎలీషబా."

"కాలు ఎప్పుడు నిలిచింది నీకు?"

"నీతో మాట్లాడేటప్పుడు నిలిచేది. నువ్వు ఫోన్లో చూడలేదు."

ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. ఆగలేదు. "చేతికి గ్రీజు ఉంది, లేకపోతే ఒక్కటిచ్చేదాన్ని. ఇన్ని రోజులు ఏడిపించినావు బావా."

'బావా' తిరిగొచ్చింది. ఫిన్నీకి వాన చప్పుడు కూడా వినపడడం మానేసింది.

దగ్గు వినిపించి ఇద్దరూ ఒకేసారి తలెత్తితే, ఇద్దరి తలలూ బానెట్‌కు ఠంగున కొట్టుకున్నాయి. జీవరత్నం నిలబడి ఉన్నాడు.

"నేనంతా విన్నా," అన్నాడు. ఫిన్నీ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఇది కాదు. ఇందాక ఫోనులో నీ మాట విన్నా. ఇంట్లో వీడి మాటా విన్నా. వీడు మీ అమ్మ పక్కన మాట్లాడినాడు. నువ్వు నా పక్కన మాట్లాడినావు." ఆయన ఎలీషబా వైపు తిరిగాడు. "మేం అట్ల చెయ్యలా తల్లీ. నేను మా అక్కనే చూసినా, ఫిన్నీ వాళ్ళమ్మ వాళ్ళన్ననే చూసింది. మాకు తెలవకపాయె."

ఎలీషబా గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని తల వంచుకుంది.

"ముందు రోజీ పెళ్ళి కానియ్యండి," అన్నాడాయన.

*

మాలకొండయ్య చిట్లిన రేకు కింద మందపాటి పట్టీ వేసి వెల్డింగ్ చేశాడు. ఎలీషబా సుజాతమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి, గుంటలన్నీ వెతికి వెతికి ఫిన్నీచేత కారు నడిపించింది. బానెట్ కదల్లేదు. సుజాతమ్మ దిగి, "నడుమే కదిలింది," అంది. మాట్లాడుకున్న బాడుగ కారు వద్దని తనే ఫోను చేసి చెప్పింది.

పెళ్ళిరోజు రోజీ వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో జీవరత్నం. కొడుకును తోలనివ్వలేదు, తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. చర్చి ముందు కారు ఆపి, దిగి వచ్చి, కూతురికి తలుపు తీశాడు. అప్పుడాయన కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు, ఎవరూ చూడనట్టు ఉన్నారు.

భోజనాల దగ్గర ఫిన్నీ బిర్యానీ బకెట్ పట్టుకుని వరసలన్నీ తిరుగుతున్నాడు. ఎలీషబా, సుజాతమ్మ పక్కపక్కన కూర్చున్నారు. జీవరత్నం వాళ్ళ ఎదుట వచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, తినేటప్పుడు అడగకూడదు గానీ, మళ్ళీ ధైర్యం చాలదేమో. నా బిడ్డను మీకిచ్చినా. మీ బిడ్డను మాకిస్తారా?"

సుజాతమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగింది. కూతురి వైపు చూసింది. "నన్నెందుకు అడుగుతారన్నయ్యా? దాన్నే అడగండి."

"నాకిష్టమే మామయ్యా," అంది ఎలీషబా, క్షణం ఆలస్యం లేకుండా. తర్వాత సిగ్గు గుర్తొచ్చి విస్తట్లోకి వంగింది.

బకెట్‌తో వెనక నిలబడ్డ ఫిన్నీకి ఏం చెయ్యాలో తోచలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కనుక ఆమెకు వడ్డించడం మొదలుపెట్టాడు. ఒక గరిటె. ఇంకో గరిటె. ఇంకోటి.

"చాలు బావా," అంది ఎలీషబా.

అతడు ఆపలేదు.