అనపచెట్ల మీది ముళ్లపురుగు

స్కూల్ బ్యాగు వరండాలో గిరాటేసి లోహిత నేరుగా పెరట్లోకి పరిగెత్తింది. కాళ్లు కూడా కడుక్కోలేదు. అనపచెట్ల కొమ్మలు వంచి చూసింది.

పేనుబంక నిన్నటికన్నా ఎక్కువైంది! ఆవగింజంత కూడా ఉండని నల్ల పురుగులు లేత కొమ్మలకూ పూలగుత్తులకూ సందులేకుండా అతుక్కుని రసం పీలుస్తున్నాయి. ఆకులు ముడుచుకుపోయాయి.

మామూలు చెట్లయితే ఇంత భయం ఉండేది కాదు. వాళ్లూరు ఐరాలలో అనపకాయలకేం కొదవ? కానీ ఇవి వరదమ్మవ్వ విత్తనానికని వదిలిన చెట్లు. ఎవరూ కాయలు కోయకుండా మొదళ్లకు ఎర్ర గుడ్డపేలికలు కట్టింది. పోయినేడు వానలకు కుండలోని విత్తనాలన్నీ బూజుపట్టిపోతే, మిగిలిన గుప్పెడు గింజలే ఈ చెట్లయ్యాయి. ఇవి కూడా పోతే అవ్వ వాళ్లమ్మ కాలం నాటి విత్తనం ఇక లేనట్టే. అనపగింజల తొక్క పితికి అవ్వ వండే పితికిపప్పు కూర కూడా అంతే సంగతులు!

అవ్వ కంటి ఆపరేషన్‌కు తిరుపతి పోయింది. అమ్మ తోడు వెళ్లింది. నాయన కొట్టు మూసి ఇంటికొచ్చేది చీకటి పడ్డాకే. పోయేటప్పుడు అవ్వ లోహిత చెయ్యి పట్టుకుని, "పాపా, చెట్లు నీకే అప్పజెప్తా ఉండా. పురుగు కనపడితే నలిపెయ్, జాలిపడొద్దు" అంది.

లోహిత అచ్చం అలాగే చేసింది. పేనుబంక మరీ చిన్నది, వేళ్లకు చిక్కదు. దాని మధ్య తిరిగే పెద్ద పురుగులు మాత్రం బాగా కనపడేవి. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, వీపంతా ముళ్లు. చూస్తేనే ఒళ్లు జలదరించేది. చెట్లను పాడుచేసేది ఈ రాక్షసులేనని తేల్చేసుకుంది. రోజూ పుల్లతో ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసింది. ఎంత పనిమంతురాలినో అని మురిసిపోయింది కూడా, పిచ్చిపిల్ల! తను ఏరేకొద్దీ పేనుబంక పెరుగుతూనే పోయింది.

చివరికి ఈ పొద్దున పక్కింటి ధనశేఖర్ మామను బతిమాలింది. ఆయన సాయంత్రం వచ్చి మందు కొడతానన్నాడు.

ఏ పురుగుకు మందు కావాలో ఆయనకు చూపిద్దామని లోహిత ఇంట్లోని ఫోన్ తెచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒక్క ముళ్లపురుగు దొరికింది. దగ్గరికి వంగి వీడియో తీసింది. తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూసింది.

ముళ్లపురుగు ఆకును ముట్టనే లేదు. పేనుబంక పురుగునొకదాన్ని నోట కరిచి పట్టింది. అది కాళ్లు కొట్టుకుంటున్నా వదల్లేదు. దాన్ని పీల్చేసి ఇంకోదాని మీద పడింది.

లోహిత వీడియో మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. "అయ్యో! ఇది చెట్టును తినలేదే!"

గబగబా ఆ వీడియో సైన్స్ చెప్పే నాగవేణి మేడమ్‌కు పంపింది. టిక్కులు నీలం కాలేదు. ఇంతలో గేటు కిర్రుమంది. ధనశేఖర్ మామ వీపున ట్యాంకుతో వచ్చేశాడు.

"పక్కకు పో పాపా. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకో."

"వద్దు మామా! కొట్టొద్దు!"

"ఏందిది? పొద్దున కాళ్లు పట్టుకున్నంత పని చేసినావు కదా?"

"ఈ పురుగు బంకను తింటా ఉండాది మామా. మందు కొడితే ఇదీ సస్తుంది."

"పురుగంటే పురుగే! దాంట్లో మంచీ సెడ్డా యాడుంటాయి? చెట్లు ఎండిపోతే మీ అవ్వకేం చెప్తావు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఫోన్ ఇంకా పలకలేదు. తను పొరబడితే? విత్తనమే పోతుంది.  అయినా లోహిత చెట్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"నేనే చెప్పుకుంటా మామా. ముందు ఇది సూడు."

మామ విసుక్కుంటూనే వీడియో చూశాడు. మళ్లీ చూశాడు. "అబ్బా! ఏం తిండి తింటా ఉండాదబ్బా ఇది!" అని ట్యాంకు దించాడు. "సరే, ఇదొక్కటీ ఇంత బంకను ఎప్పటికి తినేది? మిగతావి యాడ?"

 లోహిత సబ్బునీళ్ల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నేనే సంపేసినా మామా" అని ఏడ్చేసింది.

అప్పుడు మోగింది ఫోన్. మేడమ్ గొంతు. "లోహితా, అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్ర రెక్కల మీద నల్లచుక్కలు ఉంటాయే, పెద్దయితే అదే. దాన్ని చంపొద్దు. అలసంద చేలల్లో కూడా ఉంటాయి, వెతుకు."

మామ గొంతు మెత్తబడింది. "మా అలసంద మడికి ఇంకా మందు కొట్టలా. పో, వెలుగుండంగానే ఏరుకో."

లోహిత కళ్లు తుడుచుకుని పరిగెత్తింది. ఆకు ఆకూ తిప్పి చూసింది. పుల్లతో కూడా ముట్టడానికి అసహ్యించుకున్న పురుగులను అరచేతిలో పెట్టుకుని, నలగకుండా తెచ్చి కొమ్మకొకటి వదిలింది. మర్నాడూ వెతికింది. ఆ మర్నాడూ వెతికింది.

కొన్నాళ్లకు అవ్వ నల్లద్దాలతో తిరిగొచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా పెరట్లోకి నడిచింది. చెట్లకు కొత్త చిగురు, సన్న సన్న కాయలు. ఒక్కటి మాత్రం నిలువునా ఎండిపోయి ఉంది.

"ఇదెట్ల పోయింది పాపా?"

"నావల్లే అవ్వా" అంది లోహిత. జరిగిందంతా దాచకుండా చెప్పింది. అవ్వ ఎండిన చెట్టును నిమిరింది. లోహిత తల దించుకుంది.

పక్క చెట్టు ఆకు మీద ఏదో నల్లగా కదిలింది. నలిపి నలిపి అలవాటైన అవ్వ వేళ్లు వాటంతటవే అటు పోయాయి. లోహిత చటుక్కున తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నలపొద్దవ్వా. అది మన కాపలామనిషి."

ముళ్లపురుగు ఆకు దిగి లోహిత వేలెక్కింది. లోహిత చెయ్యి కదపలేదు. అది మెల్లగా కొమ్మ మీదికి పోయేదాకా అట్లాగే చాపి నిలబడింది.