ఫిల్టర్ తీశారా?

"చేతులు కడుక్కోలేదా?" అంది థెరపిస్టు.

"కడుక్కున్నానండి. రెండుసార్లు."

"మరి ఆ నీలం?"

"అది నిన్నటి కారండి. సబ్బుకి లొంగదు. దానంతట అది పోవాలంతే."

ఐసీయూలో చివరి మంచం దగ్గర వాళ్లిద్దరి పరిచయం అలా గోళ్లలోని రంగుతో మొదలైంది. అతను కార్లకు స్ప్రేతో రంగులు వేస్తాడు. మంచం మీదున్నది అతని నానమ్మ. ఉబ్బసం ముదిరిపోతే గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఆవిడ మెలకువగానే ఉంది, కళ్లతో అన్నీ గమనిస్తోంది, మాట మాత్రం రాదు.

వెంటిలేటర్ మీదున్నవాళ్ల ఊపిరి చూసుకోవడం థెరపిస్టు పని. మందును తుంపరగా మార్చి ఆ గొట్టాల్లోంచే ఊపిరితిత్తులకు పంపుతుంది. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. పనిలో ఆమెను నవ్వించేవాళ్లూ లేరు.

అతను ఆమె చేతిలోని చిన్న డబ్బా వైపు వంగి చూశాడు.

"ఇది మీ స్ప్రే గన్నా?"

"నెబ్యులైజర్ అంటారు."

"చుక్క ఎంత సన్నంగా పడుతుంది?"

ఏ బంధువూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు. అందరూ ఎప్పుడు తగ్గుతుందనే అడుగుతారు. ఆమెకు ముచ్చటేసింది కానీ పైకి కనబడనివ్వలేదు.

"పొగలా కనిపించేంత సన్నం. చుక్క లావైతే దారిలోనే గొట్టానికి అంటుకుపోతుంది, లోపలికి వెళ్లదు."

"మాకూ అంతేనండి. చుక్క లావైతే డోర్ మీద కారిపోతుంది. అంటే మనిద్దరిదీ ఒకటే వృత్తి."

"ఒకటెలా అవుతుంది? మీరు పెయింటరు, నేను థెరపిస్టుని."

"సరే, పొగ మేడం."

నానమ్మ కళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగాయి.

ఆ తర్వాత రోజూ విజిటింగ్ టైమూ మందు టైమూ కలిసొచ్చేవి. అది ఆస్పత్రి పెట్టిన టైమే, ఆమె ప్రమేయం ఏమీ లేదు. కాకపోతే ఆ వేళకు చివరి మంచం దగ్గరికి ఇంకెవరైనా వెళ్తామంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

గొంతులోని ట్యూబుకీ వెంటిలేటర్ గొట్టాలకీ మధ్య అరచేతిలో పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఊపిరిలోని తేమను అది పట్టి ఉంచుతుంది. మందు పెట్టేముందు దాన్ని తీసెయ్యాలి, అయ్యాక మళ్లీ పెట్టాలి. తియ్యకపోతే తేమతో పాటు మందునూ అదే పట్టేసుకుంటుంది. ఈ పని ఆమె కళ్లు మూసుకుని చెయ్యగలదు. ఆ రోజు కళ్లు తెరిచే ఉన్నాయి, కాకపోతే అతని మీద ఉన్నాయి.

"ఒక డౌటండి," అన్నాడతను. "మాస్కు వెనకాల మీరు ఎప్పుడైనా నవ్వుతారా, లేక అది డ్యూటీ అయ్యాకేనా?"

"నవ్వొచ్చే మాట మీరు ఇంతవరకూ అనలేదు."

"మరి కళ్లెందుకు చిన్నవయ్యాయి?"

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే మందు పోసి స్విచ్ వేసింది. తెల్లటి తుంపర గొట్టంలో సాగింది. ఫిల్టర్ ఉన్నచోటే ఉంది.

అతను వెళ్లాక డాక్టరమ్మ వచ్చి, స్టెతస్కోపు పెట్టి విని, పెదవి విరిచింది. "పిల్లికూతలు అలాగే ఉన్నాయే. ఇలా అయితే రేపు ట్యూబు తియ్యలేం. మందు ఇచ్చావుగా?"

"ఇచ్చాను మేడం," అంటూ ఆమె గొట్టం వైపు చూసింది. ఫిల్టర్ తడిసి ముద్దయి ఉంది.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మందు పనిచెయ్యలేదనుకుని డాక్టరమ్మ ఇంకో మందు రాసేది. ఆమె చెప్పేసింది. చివాట్లు తింది. ఫిల్టర్ తీసి, డాక్టరమ్మ ఎదురుగానే మందు మళ్లీ పెట్టింది.

"ఇంటివాళ్లతో నేను మాట్లాడతాలే," అంది డాక్టరమ్మ, చివరికి మెత్తబడి.

"నేనే చెప్తాను మేడం. పెట్టింది నేనే కదా."

అనడమైతే అంది కానీ, సాయంత్రం అతను మళ్లీ వచ్చేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. చివాట్లు ఒక లెక్కా? రేపట్నుంచి అతను తనను చూసి నవ్వడేమోనన్నదే భయం. ఆ నవ్వు తనకెంత అవసరమైపోయిందో ఆ పూటే తెలిసింది.

మంచం పక్కనే నిలబడి అంతా చెప్పింది. "మీరు మాట్లాడిస్తుంటే" అన్న ముక్క మాత్రం నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది.

"అంటే పొద్దున పెట్టిన మందు నానమ్మకి అందనే లేదు," అన్నాడతను.

"అందలేదు. తర్వాత మళ్లీ పెట్టాం. రేపు తీద్దామనుకున్న ట్యూబు ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. తప్పు నాదేనండి."

అతను నానమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు. వెళ్లేటప్పుడు వస్తానని కూడా అనలేదు. ఆమె స్టోర్ రూములోకి వెళ్లి, సర్దిన మాస్కులనే మళ్లీ సర్దుతూ ఏడ్చింది.

మర్నాడు అతను వచ్చి మంచానికి అవతలి వైపు నిలబడ్డాడు. ఆమె మందు పొయ్యబోతుంటే గొంతు సవరించుకున్నాడు.

"ఫిల్టర్ తీశారా?"

"తీశాను."

"చూపించండి."

చూపించింది. కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది.

"నేనోసారి హెడ్‌లైటుకి కాగితం అంటించకుండా రంగు కొట్టేశానండి," అన్నాడతను. "లైటుతో సహా కారంతా ఎరుపే."

"ఓనరు ఏమన్నాడు?"

"కొత్త ఫ్యాషనని చెప్పాను. నమ్మి తీసుకెళ్లాడు." కాస్త ఆగాడు. "మీరు నాకు నిజం చెప్పారు. నిన్న మీ మీదే కోపమనుకున్నాను. ఇంటికెళ్లి ఆలోచిస్తే తెలిసింది, వాగి వాగి మీ ధ్యాస మళ్లించింది నేనేనని. మీరు ఆ మాట కూడా అనలేదు."

"అనాలనే అనిపించింది. అనలేదంతే."

"ఇకమీదట మందు పెట్టేటప్పుడు నోరెత్తను."

మాట నిలబెట్టుకున్నాడు, ఆ ఒక్క ప్రశ్న తప్ప. వచ్చినప్పుడల్లా "ఫిల్టర్ తీశారా?" అనేవాడు. ఆమె విసుగు నటిస్తూ ఎత్తి చూపించేది. ఆఖరికి పిల్లికూతలు తగ్గాయి, ట్యూబు తీశారు, నానమ్మను వార్డుకు మార్చారు.

ఆక్సిజన్ మాస్కు సరిగ్గా ఉందో లేదో చూసే మిషతో ఆమె వార్డుకు వచ్చింది. నానమ్మకు మాస్కు ఎప్పుడో తీసేశారు, మర్నాడు ఇంటికి కూడా పంపేస్తున్నారు. ఆమె మొహానా మాస్కు లేదు. ఆ మొహాన్ని అతను పూర్తిగా చూడటం అదే మొదటిసారి.

"కూర్చోండి. వర్షం వచ్చేలా ఉంది కదండీ."

"ఎండ మండిపోతోంది," అందామె.

"అవునండి. ఎండే."

నానమ్మ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అయినా ఊరుకోలేదు.

"ఒరేయ్, నోట్లో గొట్టం ఉందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నువ్వు మళ్లీ మొహం చూడవేమోనని భయపడుతూనే, ఈ పిల్ల తన తప్పు నీ మొహం మీదే చెప్పింది. నువ్వేమో ఒక్క మంచి మాట చెప్పడానికి వానా ఎండా అంటున్నావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీరంటే నాకు ఇష్టమండి," అన్నాడు. "నానమ్మ చెప్పమందని కాదు. ఆవిడకి బాగై ఇంటికొస్తుంటే సంతోషించాల్సింది పోయి, రేపట్నుంచి మిమ్మల్ని ఏ వంకతో చూడాలా అని దిగులు పడుతున్నాను. ఇది తప్పే. కానీ నిజం."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనూ ఒకటి చెప్పాలి. ఈ వార్డు నా డ్యూటీ కాదు. డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఉందని అమ్మకి అబద్ధం చెప్పి వచ్చాను."

"మీ అమ్మ ఫోను నంబరు చెప్పమ్మా," అంది నానమ్మ. "ఇన్ని రోజుల మాటలు మిగిలిపోయాయి నాకు."