పదిహేడో కుర్చీ

"ఆ కుర్చీ తియ్యకండి!"

సౌండ్ మిక్సర్ పెట్టుకోవడానికి సిద్ధార్థ్ బల్ల దగ్గరి కుర్చీ లాగాడో లేదో, కీబోర్డు వెనక నుంచి అక్షర కేకేసింది.

"పిల్లలు పదహారు మందే కదండీ. ఇది పదిహేడోది."

"అది పిలవని చుట్టానికి. క్రిస్మస్ ముందురోజు భోజనంలో పోలండ్ వాళ్ళు ఒక కుర్చీ, ఒక పళ్ళెం అలా ఖాళీగా ఉంచుతారు. రిహార్సల్‌కైనా అంతే."

"మా కాకినాడలో చుట్టం గుమ్మం ఎక్కాకే విస్తరి వేస్తారండీ."

"వీళ్ళు ముందే వేస్తారు. వచ్చినవాడు మొహమాటపడకుండా."

అబూ హమూర్‌లో ఆ విల్లా. ఉద్యోగాలకని దోహా వచ్చిన పోలండ్ కుటుంబాల పిల్లలు ప్రతి శుక్రవారం అక్కడ పాడతారు. నేర్పేది హాలినా టీచర్, వాయించేది అక్షర. ఆడియో కంపెనీలో పనిచేసే సిద్ధార్థ్ మూడు నెలల కిందట ఒక మైకు బాగుచెయ్యడానికి వచ్చాడు. బాగుచేసిన వైరు వారం తిరిగేసరికి మళ్ళీ ఎలా వదులయ్యేదో అతనికి అంతుపట్టేది కాదు. దేవుడి దయ అనుకుని మళ్ళీ వచ్చేవాడు.

"ఇంకా నయం కాలేదా దానికి?" అనేది అక్షర.

"క్రానిక్ కేసండీ."

డిసెంబరులో, పోలండ్‌లోని తాతయ్యలకూ అమ్మమ్మలకూ పంపడానికి ఒక పాట రికార్డు చేశారు. ఆరేళ్ళ జోషా ప్రతి మాటా అర తాళం ఆలస్యంగా అందుకుంటోంది. సిద్ధార్థ్ ఆ పిల్ల మైకు ఒక్కటీ పూర్తిగా తగ్గించేశాడు. పాట కడిగిన ముత్యంలా వచ్చిందని మురిసిపోయాడు.

పండుగ భోజనం శనివారం. ముందురోజు రిహార్సల్‌కి వచ్చిన అతన్ని అక్షర వరండాలోనే ఆపింది.

"జోషా గొంతు తీసేశారా?"

"లేటుగా పాడుతోందండీ. పాట పాడవుతుందనీ..."

"వాళ్ళమ్మమ్మ ఫోన్ చేసింది. 'అందరి గొంతులూ ఉన్నాయి, మా పిల్లదేదీ?' అని. ఎందుకు లేటో ఒక్కసారైనా అడిగారా? అది ఇక్కడే పుట్టింది. వాళ్ళ భాష దానికి సరిగా రాదు. పక్కపిల్ల నోటి మాట విని, అప్పుడు పాడుతుంది."

సిద్ధార్థ్ చేతిలోని వైరు చుట్ట కింద పెట్టాడు.

"నేనూ ఇక్కడే పుట్టాను. మా అమ్మమ్మ ఫోన్లో పద్యం చెబుతుంటే ఒక మాట వెనకే చెప్పేదాన్ని. ఆవిడ ఏనాడూ విసుక్కోలేదు." అక్షర కళ్ళు తుడుచుకుంది. "రేపు మీరు రావద్దు."

ఉమ్ ఘువైలినాలోని తన గదికి వెళ్ళి అతను లాప్‌టాప్ తెరిచాడు. ఏ మైకు ధ్వని ఆ మైకుకు విడిగానే రికార్డై ఉంది. జోషా గొంతు ఒక్కటే విన్నాడు. ముందు పక్కపిల్ల మాట సన్నగా, తర్వాత ఒక చిన్న ఊపిరి, ఆ తర్వాత జోషా. ఆ గొంతును పాటలో తిరిగి కలిపాడు. ఆలస్యాన్ని సరిచెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం, పాట ఉన్న పెన్‌డ్రైవ్ వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోదామని విల్లా గేటు దగ్గరికి వచ్చాడు. తొలి చుక్క కనిపిస్తేనే వాళ్ళకు భోజనం. డాబా మీద పిల్లలు చుక్కను చూశామని కేకలు పెట్టారు. ఆ చుక్క మెల్లగా చక్రాలు దించుకుని ఎయిర్‌పోర్ట్ వైపు వాలిపోయింది. పకపకా నవ్వులు. కాసేపటికి అసలు చుక్క పొడిచింది. పిల్లలు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు. జోషా అతన్ని చూసి, వేలు పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

అక్షర ఎదురుగా నిలబడింది. "రావద్దన్నాను కదా?"

"అన్నారు. పిలవనూ లేదు." పెన్‌డ్రైవ్ ఉన్న చెయ్యి చాచాడు. "జోషా గొంతు ఇందులో ఉంది. ఎలా పాడిందో అలాగే."

ఆమె పెన్‌డ్రైవ్ కేసి చూసింది. తర్వాత పదిహేడో కుర్చీ కేసి చూసింది.

"పిలవకుండా వచ్చారుగా. అయితే అది మీదే. కూర్చోండి."

హాలినా వీడియో కాల్‌లో జోషా అమ్మమ్మకు పాట వినిపించింది. తెర మీద అమ్మమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. అర తాళం వెనకగా మనవరాలి గొంతు రాగానే, మూసిన కళ్ళతోనే నవ్వింది.

సిద్ధార్థ్ మెల్లగా అన్నాడు. "అక్షరగారూ, నేను వచ్చేది మైకు కోసం కాదండీ. మీ కోసం. ఆ వైరు మళ్ళీ వదులైతే బాగుండునని వారమంతా మొక్కుకునేవాణ్ణి."

"వదులు చేసేది ఎవరనుకున్నారు?"

అతను తెల్లబోయాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

ఆమె అతని ఖాళీ పళ్ళెంలో వడ్డిస్తూ తల వంచుకుంది.

"నేనూ అర తాళం ఆలస్యమే కదండీ."